ముడుచుకున్న శక్తి

బాల్ పెన్ను విప్పుతుంటే లోపలి స్ప్రింగు ఎగిరి బెంచీ కిందికి పోవడం మీకు అనుభవమే కదా! కారు చక్రం దగ్గర ఉండేది దాని పెద్దన్న. బలం రెట్టింపైతే స్ప్రింగు కుంగడమూ రెట్టింపవుతుందని రాబర్ట్ హుక్ 1678లో వివరించాడు.

పాత స్ప్రింగుల స్థానంలో పొట్టివి వేస్తే కారు కిందికి దిగుతుంది. గరిమనాభి కూడా దిగుతుంది కనుక వికారాబాదు దగ్గరి అనంతగిరి మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. అయితే పొట్టి స్ప్రింగు మరింత గట్టిగా ఉండాలి. లేకుంటే గతుకుల్లో కారు అడుగు రోడ్డుకు తగులుతుంది.

ఈ పని ఇంట్లోనే చేద్దామని మీ అన్నయ్య పానా పట్టుకున్నాడా? ఆగమనండి, లెక్క చూద్దాం. 300 కిలోల బరువుకు స్ప్రింగు 15 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. బలం సుమారు 3,000 న్యూటన్లు. దాగిన స్థితిజశక్తి ½ × 3,000 × 0.15 = 225 జౌళ్లు. రెండడుగుల చదరం, అంగుళం మందం గల తాండూరు బండ మీటరు ఎత్తునుంచి పాదం మీద పడితే దాదాపు అంతే!

జాకీతో కారు లేపినా స్ప్రింగు పూర్తిగా సాగదు, పైనున్న నట్టు దాన్ని అదిమి ఉంచుతుంది. అందుకే మెకానిక్కు ముందు రెండు పక్కలా మర బిగింపులు వేసి స్ప్రింగును నొక్కి పడతాడు. నట్టు విప్పేది ఆ తరువాతే. అప్పుడు కూడా ముఖం దానికి ఎదురుగా పెట్టడు.