హల్లులు కరిగిన పాట

1986 నవంబరులో బ్రిటన్‌కు చెందిన ఫోర్ ఏడీ సంస్థ విడుదల చేసిన ‘ది మూన్ అండ్ ది మెలొడీస్’ ఏ బృందం పేరుతోనూ రాలేదు. నలుగురు వ్యక్తుల పేర్లతో వచ్చింది. వారిలో ఎలిజబెత్ ఫ్రేజర్, రాబిన్ గథ్రీ, సైమన్ రేమండ్ అప్పటికే కాక్టో ట్విన్స్ బృందంగా ప్రసిద్ధులు. డ్రీమ్ పాప్ అనే ధోరణికి ఆద్యుల్లో వారినీ చెప్పుకొంటారు. నాలుగవవాడు హెరాల్డ్ బడ్, యాభయ్యేళ్ల అమెరికన్ పియానిస్టు. 1980లోనే బ్రయన్ ఈనోతో కలిసి యాంబియంట్ సంగీతంలో ఒక ముఖ్యమైన ఆల్బమ్ చేసినవాడు.

ఎనిమిది రచనల్లో నాలుగింటిలోనే ఫ్రేజర్ గొంతు వినిపిస్తుంది. ఆమె పాడే మాటలు ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి సైతం అంతుబట్టవు. సాహిత్యం తెలియనిదే పాటను పాటగా ఒప్పుకోని తెలుగు శ్రోతకు ఇది పెద్ద అభ్యంతరమే. మాటలు ఎందుకు తెలియవన్న ప్రశ్నకు కొంత సమాధానం చెవిలోనే ఉంది.

పెద్ద హాల్లో చప్పట్లు కొడితే, ఆ శబ్దం గోడలను తాకి అనేకసార్లు తిరిగి వస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు లోపల తిరిగి వచ్చినదాన్ని మెదడు చాలావరకు అసలు శబ్దంలోనే కలిపేసుకుంటుంది. ఆ తరువాత వచ్చేది తోకలా సాగి, వెనుక వచ్చే శబ్దాలను కప్పుతుంది. స్టూడియోలో రివర్బ్ యంత్రం చేసే పని ఇదే. ఈ కప్పడంలో మొదట మునిగేవి హల్లులు. అవి క్షణికాలు, స, ష వంటివి బలహీనమైన, హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులు. అచ్చులు దీర్ఘాలు, బలమైనవి, కనుక తేలుతాయి. వయసుతో వినికిడి తగ్గినవారు “వినిపిస్తోంది గాని ఏమన్నారో తెలియడం లేదు” అనేదీ చాలావరకు ఇందుకే: ముందుగా జారిపోయేవి ఆ హెచ్చు పౌనఃపున్యాలే. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణాలనీ, హల్లులను ప్రాణులనీ అన్నారు. ఫ్రేజర్ పాటలో ప్రాణులు మాయమై ప్రాణాలు మిగిలాయి.

బడ్ పియానోకూ అదే గతి పట్టింది. సుత్తి తీగను కొట్టిన తొలి క్షణమే పియానోకు హల్లు. రికార్డింగులో ఆ భాగాన్ని కత్తిరిస్తే అది ఏ వాద్యమో పోల్చుకోవడమే కష్టం. బడ్ దెబ్బను మెత్తబరచి, స్వరం ఆరిపోయే తీరు మీదనే మనసు పెడతాడు. అందుకే ‘సీ, స్వాలో మీ’లో గొంతూ పియానో గిటారూ ఒకే పదార్థంతో చేసినట్లు వినిపిస్తాయి. ‘ఐస్ ఆర్ మొజాయిక్స్’ అంత దూరం పోదు. అది కాక్టో ట్విన్స్ మామూలు పాటే, పియానో అందులో అతిథి. వాద్య రచనల్లో ‘మెమరీ గాంగ్స్’ మేలైనది. పాటలూ వాద్య రచనలూ రెండు వేర్వేరు ఆల్బముల ముక్కల్లా తోచే మాట మాత్రం నిజం.

రాగాలాపనకు తల ఊపే శ్రోత ఇక్కడ మాటలు లేవని అలగడం న్యాయం కాదు. అయితే ఆలాపనకు రాగం కట్టుబాటు ఉంది. ఫ్రేజర్‌కు అలాంటి ఆధారం లేదు, తన గొంతు తప్ప.

గథ్రీ, బడ్ ఆ తరువాత కూడా కలిసి పనిచేశారు. వారి ‘అనదర్ ఫ్లవర్’ 2020 డిసెంబరు 4న వచ్చింది. నాలుగు రోజులకు బడ్ కోవిడ్ వల్ల మరణించాడు. ఆ ఆల్బమ్‌లో గొంతే లేదు.