ప్రకృతి బాట సూచిక ఫలకాలు

ప్రకృతి బాట సూచిక ఫలకాలు అనగా అడవులు, చెరువులు, అభయారణ్యాలలోని కాలిబాటల వెంట సందర్శకుల కొరకు నిలిపే బోర్డులు. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. దారిని, దూరాన్ని తెలిపేవి మార్గసూచికలు. అక్కడి జీవుల గురించి, నేల గురించి చెప్పేవి వివరణ ఫలకాలు. వీటికి తోడుగా ప్రమాదం ఉన్న చోట హెచ్చరిక ఫలకాలు అవసరమవుతాయి.

== మంజీరా తీరం ==
సంగారెడ్డి సమీపంలోని మంజీరా వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడినది. 2016 వరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. సింగూరు, మంజీరా ఆనకట్టల మధ్య నది పొడవునా విస్తరించిన ఈ ప్రాంతం మగ్గర్ మొసళ్ళకు నిలయం. శీతాకాలంలో హిమాలయాలను దాటి బార్-హెడెడ్ గూస్ పక్షులు వస్తాయి. హైదరాబాదుకు తాగునీరు అందించే జలాశయం కూడా ఇదే. కావున ఇక్కడి ఫలకం సందర్శకుని, మొసలిని, నీటిని మూడింటినీ కాపాడవలసి ఉంటుంది.

== మార్గసూచికలు ==
దారి చీలే ప్రతిచోట ఒక ఫలకం ఉండాలి. చీలిక దాటిన కొద్ది దూరంలో మరొక చిన్న గుర్తు ఉంటే, నడిచేవారికి సరైన దారిలోనే ఉన్నామని నమ్మకం కలుగుతుంది. దూరంతో పాటు నడకకు పట్టే సమయం కూడా తెలపడం మేలు.

== హెచ్చరికలు ==
మొసళ్ళున్న నీటి ఒడ్డున హెచ్చరికను నీటి అంచున కాక, ఒడ్డుకు దిగే దారి మొదట్లోనే నిలపాలి. అంచుకు చేరిన తరువాత చదివిన హెచ్చరిక వలన ప్రయోజనం తక్కువ. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు అధికంగా నివసిస్తారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు లిపులతో పాటు స్పష్టమైన బొమ్మ ఉన్నప్పుడే హెచ్చరిక అందరికీ అర్థమవుతుంది.

== వివరణ ఫలకాలు ==
సమాచారం మాత్రమే వివరణ కాదని అమెరికా రచయిత ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ప్రచురించిన గ్రంథంలో పేర్కొన్నాడు. మొసలి శాస్త్రీయ నామం, పొడవు రాసిన బోర్డును చాలామంది చదవకుండా దాటిపోతారు. ఒడ్డున నోరు తెరచి పడుకొన్న మొసలి కోపంతో లేదని, శరీర ఉష్ణోగ్రతను సర్దుకొంటున్నదని చెప్పే బోర్డు వద్ద ఆగుతారు. మొసలి ఒడ్డునే గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. ఈ విషయం తెలిపినా, గూడు ఉన్న చోటును మాత్రం చూపరాదు.

పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలతో కలుషితమైన నక్కవాగు చివరకు మంజీరాలోనే కలుస్తుంది. నది పటంలో ఈ వాగును కూడా గుర్తిస్తే, ఊరికి, నదికి ఉన్న సంబంధం విద్యార్థులకు కంటికి కనబడుతుంది.

== అక్షరాలు, సామగ్రి ==
తెలుగులో గుడులు పైన, వత్తులు కింద చేరతాయి. అందువలన ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. అక్షరాలు పెద్దవిగా, వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ఎండకు ముద్రిత రంగులు వెలిసిపోతాయి, తేమకు ఇనుము తుప్పు పడుతుంది. రాతిపై చెక్కిన అక్షరాలు ఎక్కువ కాలం నిలుస్తాయి, కానీ మార్చడం కష్టం. ఫలకాలను చెట్లకు మేకులతో కొట్టరాదు.

== ఇవి కూడా చూడండి ==
* మంజీరా నది
* సింగూరు ప్రాజెక్టు
* పటాన్‌చెరు