డెల్టా చీకటికి తగిన టార్చి

గోదావరి డెల్టాలో టార్చిలైటుకు రెండు రకాల పనులున్నాయి. మొదటిది రోజూ ఉండేది: రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా, తెల్లవారకముందు ఏరేటర్ల తనిఖీ, కాలువ నీటి వంతు వచ్చినప్పుడు అర్ధరాత్రి పొలానికి నడక. రెండోది ఏళ్ళకొకసారి వచ్చి పడేది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటినప్పుడు కోనసీమలో కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. మొదటి పనికి ఏ టార్చి అయినా కొన్నాళ్ళు పనికొస్తుంది. రెండో రకం రాత్రికి నిలిచే టార్చిని మాత్రం ఎంచి కొనాలి.

దుకాణంలో ఎవరైనా ముందుగా అడిగేది “ఎంత దూరం పడుతుంది?” అనే. ఈ ప్రాంతం వారు దానికంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. నీరు లోపలికి రాకుండా ఏ ఏర్పాటు ఉంది? ఛార్జింగు ఏ దారిన ఎక్కుతుంది? లోతుగా చూస్తే ఈ రెండూ ఒకే ప్రశ్న. అయితే వెలుగు విషయం కూడా కొంత తేల్చుకోవాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

వెలుగు ఎలాంటిదో తేలేది వరద గస్తీలో. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి, 13 లక్షలకు రెండో, 17 లక్షలకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటి రోజుల్లో ఏటిగట్టు పొడవునా రాత్రిళ్ళు గస్తీ తిరగాలి. అప్పుడు కళ్ళు నది మీద కంటే గట్టుకు ఊరివైపు ఉన్న వాలు మీదే ఎక్కువ ఉండాలి. గట్టు అడుగున ఊట కనబడితే ఆ నీరు తేటగా వస్తోందా, మట్టిరంగులో వస్తోందా అన్నది చూస్తారు. తేటగా వస్తుంటే నీరు మట్టి సందుల్లోంచి వడపోసుకుని వస్తోందని అర్థం. కనిపెట్టుకుని ఉంటే చాలు. మట్టిరంగులో వస్తుంటే గట్టు లోపలి మన్ను కొట్టుకుపోతోందన్న మాట. గండి పడటానికి అదే తొలి గుర్తు, వెంటనే ఇసుక బస్తాలు రావాలి.

ఈ తేడాను చౌకరకం ఎల్‌ఈడీ టార్చి సరిగా చూపించదు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలికాంతి నిచ్చే చిప్పు. దానిపై పూసిన ఫాస్ఫరు ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. చౌక దీపాల్లో ఎరుపు పాలు తక్కువ. ఆ వెలుగులో గోధుమరంగు బురద నీరు బూడిదరంగుకు తిరిగి, తేట నీటికి దగ్గరగా కనిపిస్తుంది. రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే కొలత సీఆర్‌ఐ. సాధారణ టార్చిల్లో ఇది 70 ప్రాంతంలో ఉంటుంది. 90 పైన ఉన్నది దొరికితే కొంత వెలుగు తగ్గినా దాన్నే తీసుకోవాలి. వాడేటప్పుడు టార్చిని బాగా కిందికి దించి, వాలు వెంట వెలుగు జారేలా పట్టుకుంటే తడి మచ్చ తళుక్కుమంటుంది, చిన్న బీటకు కూడా నీడ పడుతుంది.

దూరం విషయానికొస్తే, టార్చిల కొలతలకు 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్‌ఎల్‌-1 ప్రమాణాన్ని ఇప్పుడు మంచి కంపెనీలన్నీ పాటిస్తున్నాయి. దాని ప్రకారం వెలుగు పావు లక్సుకు, అంటే సుమారు పున్నమి వెన్నెల స్థాయికి, పడిపోయే చోటును దూరంగా లెక్కిస్తారు. కాండెలాల్లో ఇచ్చిన తీవ్రతకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. 10,000 కాండెలాలకు 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే తీవ్రత నాలుగింతలు కావాలి. అట్టపెట్టె మీద రెండు కిలోమీటర్లని అచ్చేసిన టార్చికి పది లక్షల కాండెలాలు ఉండాలి. రాజమండ్రిలోని పాత హేవలాక్ వంతెన పొడవే సుమారు 2.7 కిలోమీటర్లు, అరచేతిలో ఇమిడే టార్చితో దానిలో ముప్పాతిక వంతు వెలిగించవచ్చంటే నమ్మడం కష్టం.

ఇదే ప్రమాణంలో ల్యూమెన్లను స్విచ్చి వేసిన 30 సెకన్ల తర్వాత, రెండు నిమిషాల లోపు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్నది మాత్రం, కాంతి మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కేస్తారు. అందుకని పెట్టె మీది అంకెలు రెండూ నిజమే కావచ్చు, కానీ రెండూ ఒకే సమయంలో నిజం కావు. 3,000 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 పరిమాణపు లిథియం సెల్లులో ఉండే శక్తి సుమారు 10.8 వాట్ అవర్లు. 1,000 ల్యూమెన్లకు పది వాట్ల దాకా ఖర్చవుతుంది కనుక గంటసేపు వస్తుంది. అదే సెల్లు 50 ల్యూమెన్ల మీద ఇరవై గంటల దాకా వెలుగుతుంది. గట్టు మీద అడుగు ముందు కట్లపామో రక్తపింజరో ఉందా అని చూసుకోవడానికి ఆ 50 చాలు. అన్నట్టు, 18650 సెల్లు మీద 9,900 అని ముద్ర ఉంటే అది అబద్ధం. ఆ పరిమాణంలో 3,500 దాటినవే అరుదు.

ఇక నీటి సంగతి. ఐపీ అనే అక్షరాల తర్వాత రెండు అంకెలుంటాయి. మొదటిది ధూళికి, రెండోది నీటికి. నీటి అంకె 4 అంటే చిందిన నీటికి తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి పరీక్షించారు. 8 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష. లోతూ సమయమూ తయారీదారు చెప్పాలి. చాలామందికి తెలియనిది ఏమిటంటే 7 గానీ 8 గానీ ఉన్నంత మాత్రాన 6 ఉన్నట్టు కాదు. ఆరో పరీక్ష గొట్టంతో బలంగా చిమ్మే నీటికి సంబంధించినది. తుపాను గాలికి అడ్డంగా వచ్చి కొట్టే వాన నిలకడ నీటి కంటే ఈ చిమ్మే నీటికే దగ్గర. 66, 68 రెండూ రాసి ఉన్న టార్చి ఈ తీరానికి సరైనది.

నీటిలో ముంచే పరీక్షలోనూ ఒక వెసులుబాటు ఉంది. ముంచే నీటికీ వస్తువుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు మించకూడదన్నది నియమం. అంటే చల్లగా ఉన్న టార్చినే ముంచుతారు. గట్టు మీద జరిగేది వేరు. పూర్తి వెలుగులో పావుగంట వాడిన టార్చి 60 డిగ్రీలకు వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచించి కొంత రబ్బరు వాషరు పక్కనుంచి సన్నగా బయటికి పోతుంది. అప్పుడది చేయి జారి 30 డిగ్రీల చెరువు నీటిలో పడితే మిగిలిన గాలి ఒక్కసారిగా సంకోచిస్తుంది. పరమ ఉష్ణోగ్రతల్లో లెక్క కడితే 333 నుంచి 303కి దిగడం, అంటే ఒత్తిడి దాదాపు 9 శాతం తగ్గడం. వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల నీటి స్తంభానికి సమానం కాబట్టి, ఈ తొమ్మిది శాతం దాదాపు 90 సెంటీమీటర్ల లోతుతో సమానమైన పీల్పు. వేడి గిన్నెకు మూత పెట్టి చల్లారనిస్తే బిగుసుకుపోవడంలో ఉన్న సూత్రమే ఇది. మోకాలి లోతు నీళ్ళలో పడిన టార్చి నిజానికి ఒకటిన్నర మీటర్ల లోతున ఉన్నట్టే బాధపడుతుంది. అందువల్ల మీటరు పరీక్షకు మాత్రమే నిలిచినది కాక, రెండు మీటర్లకైనా హామీ ఇచ్చినది ఎంచుకోవాలి. వేడిగా ఉన్నప్పుడు మూత విప్పి బిగించడం కూడా ఇదే కారణంగా తగదు.

పరీక్షలన్నీ మంచినీటిలోనే చేస్తారు. భీమవరం, నరసాపురం వైపు వనామీ రొయ్యల చెరువుల్లో ఉండేది ఉప్పునీరు, లేదా ఉప్పు కలిసిన నీరు. అల్యూమినియం ఒడలు, ఉక్కు స్ప్రింగు, ఇత్తడి కొస ఒకచోట ఉప్పునీటిలో తడిస్తే అదే ఒక చిన్న బ్యాటరీగా మారుతుంది. వాటిలో బలహీనమైన లోహం, అంటే అల్యూమినియం, కరిగిపోతుంది. గట్టిగా అనోడైజ్ చేసిన పూత కొంత కాపాడుతుంది గానీ గీత పడిన చోట గుంట మొదలవుతుంది. పాలీకార్బనేటు, నైలాను వంటి ప్లాస్టిక్ ఒడలికి ఆ బాధ లేదు. వేడిని త్వరగా వదలదు కాబట్టి దాని ల్యూమెన్లు తక్కువగా ఉంటాయి. చెరువు పనికి అది లోపం కాదు. పసుపో నారింజో రంగుదైతే బురదలో పడినా వెతుక్కోవచ్చు. పని అయ్యాక మూత బిగించి ఉండగానే మంచినీటితో కడిగి తుడవడం ఒక్కటే దీనికి సేవ.

ఇప్పుడు ఛార్జింగు. నీరు దూరేది ఎక్కువగా పగిలిన అద్దం గుండా కాదు, మనం తరచూ తెరిచే చోటు గుండా. సెల్లు తీసి బయట ఛార్జి చేసే రకంలో ప్రతిసారీ మూత విప్పాలి. ఒక ఇసుక రేణువో, చిన్న ఊక తునకో వాషరు మీద కూర్చుంటే చాలు, నీటికి దారి దొరుకుతుంది. యూఎస్‌బీ రంధ్రం ఉన్న రకంలో దాన్ని మూసే రబ్బరు బిళ్ళ ఏడాది తిరిగేసరికి సాగి వదులవుతుంది. ఛార్జింగు స్టాండు రకంలో ఈ రెండూ ఉండవు. టార్చి వెనుకో పక్కనో బయటికి కనిపించే రెండు లోహపు బొట్లు ఉంటాయి; స్టాండులో నిలబెడితే అవి తగులుకుని కరెంటు ఎక్కుతుంది. ఒడలు ఎప్పుడూ మూసే ఉంటుంది. స్టాండును అందరూ సౌకర్యం కోసమని కొంటారు గానీ, నా దృష్టిలో అది మొదట నీటి రక్షణ, ఆ తర్వాతే సౌకర్యం.

దానికీ ఒక శత్రువు ఉంది. ఆ బొట్ల మీద బ్యాటరీ వోల్టేజి నిలిచి ఉంటే, ఉప్పునీరు తగిలిన వెంటనే రెండింటి మధ్య విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ధన ధ్రువం వైపు బొట్టు కరిగి, పచ్చని చిలుం పడుతుంది. మంచి తయారీలో లోపల ఒక డయోడు పెట్టి కరెంటు లోపలికి పోవడమే తప్ప బయటికి రాకుండా ఆపుతారు. ఇది ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. టార్చి పూర్తిగా ఛార్జి అయ్యాక ఆ రెండు బొట్లకూ మల్టీమీటరు ఆనించాలి. మూడు నాలుగు వోల్టులు చూపిస్తే అది చెరువు దగ్గరికి పనికిరాదు. సున్నా దగ్గర ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. మోటార్లు కట్టే ఏ మెకానిక్ దగ్గరైనా ఆ మీటరు ఉంటుంది.

స్టాండు మీద టార్చి నెలల తరబడి కదలకుండా ఉంటుంది కాబట్టి లోపల ఏ రకం బ్యాటరీ ఉందన్నది అక్కడ తేలుతుంది. చౌక రీఛార్జి టార్చిల్లో ఉండే చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటేనే బతుకుతుంది. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి తిరిగి ఛార్జి ఎక్కదు. దసరాకు కొన్నది సంక్రాంతికి మూలన పడటానికి కారణం చాలాసార్లు ఇదే. లిథియం అయాన్ దీనికి తలకిందులు. వేడిలో నూటికి నూరు శాతం నిండుగా ఉండిపోతే సామర్థ్యం క్రమంగా పోతుంది. వేసవిలో రేకుల మకాంలో స్టాండు పెడితే రెండు మూడేళ్ళలోనే తేడా తెలుస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం బరువుకు కొంత తక్కువ శక్తి నిస్తుంది గానీ ఎండను, నిలకడ ఛార్జిని మెరుగ్గా ఓర్చుకుంటుంది. రెండు వేల సార్లకు పైగా ఛార్జి చేసుకోవచ్చు. స్టాండు టార్చికి నా ఎంపిక అదే. అది దొరకని పక్షంలో, నిండగానే ఛార్జింగును పూర్తిగా ఆపేసే స్టాండు ఉన్న లిథియం అయాన్ తీసుకుని, ఇంట్లో నీడపట్టున ఉంచాలి.

తుపాను తర్వాత గోడ ప్లగ్గులో కరెంటు ఉండదు. కాబట్టి స్టాండు 12 వోల్టుల మీద కూడా పనిచేయాలి. అప్పుడు ట్రాక్టరు, పడవ ఇంజను, సోలార్ పలక, ఏదైనా ఆదుకుంటుంది. ఇంటి కరెంటు ఒక్కటే తీసుకునే స్టాండు లంక గ్రామాలకు సగం పనికే వస్తుంది.

ఈ డెల్టాకు ప్రత్యేకమైన ఇంకొక ప్రమాదం గ్యాసు. కృష్ణా గోదావరి బేసిన్ పైపులైన్లు పొలాల కింద నుంచి పోతుంటాయి. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. దానికి కావలసిన శక్తి మిల్లీజౌలులో మూడో వంతు కూడా కాదు. మామూలు టార్చి స్విచ్చిలో పుట్టే రవ్వకు అంతకంటే ఎక్కువ శక్తి ఉండవచ్చు. 1815లో హంఫ్రీ డేవీ గని కార్మికులకు తీగవల చుట్టిన దీపం చేసి ఇచ్చింది ఈ వాయువుకు భయపడే. నేటి పరిష్కారం వేరు. లోపలి సర్క్యూటులో ఎక్కడ తెగినా, ఎక్కడ కలిసినా రవ్వ శక్తి ఆ హద్దు దాటకుండా కరెంటును కట్టడి చేస్తారు. అలాంటి టార్చిల మీద ఎక్స్ (Ex) గుర్తు, గ్యాసు వర్గం, ఉష్ణోగ్రత తరగతి ముద్రించి ఉంటాయి. మన దేశంలో వాటికి అనుమతి ఇచ్చేది పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో).

నీరు చొరబడని టార్చి అంటే గ్యాసుకూ భద్రమనుకోవడం పొరపాటు. రెండూ వేరు వేరు పరీక్షలు. ఎక్స్ గుర్తు ఉన్న టార్చి అయినా దాని ఛార్జింగు స్టాండుకు ఆ రక్షణ ఉండదు. బొట్లు తగిలేటప్పుడు, వీడేటప్పుడు రవ్వ పుట్టవచ్చు కనుక స్టాండును ప్రమాద ప్రాంతానికి బయటే బిగించాలని తయారీదారులు రాస్తారు. గ్యాసు బావుల మీద, ప్లాంట్లలో రాత్రి డ్యూటీ చేసేవారికి ఇది అలవాటైన నియమమే. పైపులైను పక్కన పొలం ఉన్న రైతుకు ఈ ఖరీదైన టార్చి అక్కరలేదు. సహజ వాయువుకు స్వతహాగా వాసన ఉండదు కాబట్టి బుసబుసమనే చప్పుడు, వాడిన పైరు, మడిలో పైకి లేచే బుడగలు గుర్తులుగా చూసుకోవాలి. ఆ అనుమానం కలిగితే టార్చినీ ఫోనునూ ముట్టుకోకుండా, గాలి వచ్చే వైపుకు దూరంగా నడిచి, అక్కడి నుంచి పైపు గుర్తురాయి మీద ఉన్న నంబరుకు ఫోను చేయాలి.