రక్తహీనత ఒకటి కాదు, మందూ ఒకటి కాదు

నల్లజర్ల: నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం, గోళ్లు, నాలుక పాలిపోవడం – ఇవి కనిపిస్తే పల్లెల్లో ‘ఒంట్లో రక్తం లేదు’ అంటారు. పొలం పనికి అలసిపోయిందిలే అని ఊరుకునేవారూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది.

ఎర్రకణాలలో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్ తగ్గడమే రక్తహీనత. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇది పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గరాదు. గర్భిణికి 7 లోపు పడిపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే.

ఎక్కువమందిలో కనిపించేది ఇనుము లోపం. చాలీచాలని తిండి, నెలసరిలో అధిక రక్తస్రావం, వెంటవెంట కాన్పులు, కొంకిపురుగులు ఇందుకు కారణాలు. మలంతో పాడైన నేలపై చెప్పుల్లేకుండా నడిస్తే ఈ పురుగులు పాదాల గుండా ఒంట్లో చేరి, పేగులను పట్టుకొని రక్తం పీలుస్తాయి. కొందరికి మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. పరీక్షలో ఎర్రకణాలు చిన్నవిగా, వెలిసిపోయి కనిపిస్తాయి.

ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ లోపిస్తే కణాలు పెద్దవవుతాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందమే 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అయితే బి12 లోపం ఉన్నవారికి అదొక్కటే ఇస్తే రక్తం పెరిగినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ల తిమ్మిర్లు అందుకు గుర్తు.

సికిల్ సెల్, తలసేమియా తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చేవి. సికిల్ సెల్‌లో కణాలు కొడవలిలా వంగుతాయి. ఇది ఏజెన్సీ గిరిజనులలో ఎక్కువ. తలసేమియాలో కణాలు చిన్నవిగా ఉండడంతో ఇనుము లోపమని పొరబడతారు. లోపం లేకుండా ఇనుము మాత్రలు మింగితే అది ఒంట్లో పేరుకుపోతుంది. హెమోగ్లోబిన్ రకాన్ని తేల్చే పరీక్ష చేస్తేనే సంగతి బయటపడుతుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఉచితంగా ఇస్తారు. గర్భిణులు రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడాలి. మలం నల్లగా వచ్చిందని భయపడి మానరాదు. టీతో కాక నిమ్మరసంతో వేసుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. నెల వాడినా రక్తం పెరగకపోతే అవే మాత్రలు మింగుతూ కూర్చోక, కారణం తేల్చే పరీక్ష చేయించుకోవాలి. మగవారికి, వృద్ధులకు రక్తం తగ్గితే పేగుల్లో రక్తస్రావం ఉందేమో చూపించుకోవడం మరీ అవసరం.