గీతకు అటూ ఇటూ ఒకే పాఠం

నర్సీపట్నం దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా పైన ఏజెన్సీ, ఆ పైన ఒడిశా. గంజాయి మూటలకు ఆ సరిహద్దు గీత ఏనాడూ అడ్డు కాలేదు. పోలీసులు సరే, రెండు రాష్ట్రాలవాళ్లూ సమాచారం పంచుకుంటున్నారు. ఆంధ్రలో 2024లో మత్తుమందుల కట్టడికి ఈగల్ దళం, ఫిర్యాదులకు 1972 నంబరు వచ్చాయి. మరి పాఠాల మాటేమిటి?

మత్తుమందుల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ, ప్రతిజ్ఞ, పుర్రె బొమ్మ. అంతే. ఒట్టి భయపెట్టడం వల్ల ఫలితం ఉండదని ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన ప్రమాణాలే చెబుతున్నాయి. పనికొచ్చేది సాధన. మా తొమ్మిదో తరగతిలో ఒకడు 'అన్న' అవుతాడు: "ఒరే తమ్ముడూ, ఈ బ్యాగు బస్టాండులో ఇచ్చెయ్, ఐదు వేలు నీవి." రెండోవాడు తప్పించుకోవాలి. "నాన్న చంపేస్తాడన్నా" అంటే చప్పట్లు. "నువ్వే పట్టుకెళ్లొచ్చు కదా?" అన్నవాడికి ఈలలు కూడా. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలని అప్పుడు చెబితే చెవికెక్కుతుంది.

ఇదే ఆట ఒడిశా వైపు కోరాపుట్, మల్కనగిరి బడుల్లోనూ ఆడాలి; ఒడియాలో, కువిలో, కోయలో. సార్క్ దేశాలు మత్తుమందులపై 1990లోనే ఒప్పందం రాసుకున్నాయి. రెండు పొరుగు జిల్లాల టీచర్లను ఒకే శిక్షణలో కూర్చోబెట్టడం అంతకంటే కష్టమా? టీఏ, డీఏల సంగతి తర్వాత చూసుకుందాం.