ఉద్యోగం మారాలంటే మన లెక్కే వేరు

"ఇక ఈ ఐటీ నా వల్ల కాదు" అన్న మాట మన తెలుగువాళ్ల వీకెండ్ పార్టీల్లో ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. నేనూ అంటున్నాను. ఎడిసన్‌లో ఉంటాను, పద్దెనిమిదేళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్. జీతానికి లోటు లేదు. కానీ హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పాలని కోరిక. నాన్నగారికి ఫోన్‌లో చెబితే "ఇంత చదివి పంతులువవుతావా?" అన్నారు. ఆయన ముప్ఫై ఏళ్లు పంతులుగా చేసి రిటైరైన మనిషి!

ముందు ఒకటి తేల్చుకోవాలి. విసుగు పని మీదా, మేనేజర్ మీదా? మేనేజర్ మీదైతే ప్రాజెక్టు మారితే సరిపోతుంది. నేను రెండు కంపెనీలు మారి చూశాను, విసుగు మాత్రం వెంటే వచ్చింది.

"నచ్చిన పనే చేయండి" అని చెప్పే ఇక్కడి పుస్తకాల్లో వీసా ఊసే ఉండదు. మనకు లెక్క మొదలయ్యేదే అక్కడ. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు రాజీనామా చేస్తే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఐ-94 అంతకుముందే ముగిస్తే ఇంకా తక్కువ. ఈలోగా కొత్త యజమాని పిటిషన్ వేయాలి. ఆ కొత్త పని కూడా డిగ్రీ తప్పనిసరైన వృత్తే అయి ఉండాలి. కర్రీ పాయింట్ పెట్టి కౌంటర్లో నిలబడతానంటే ఆ వీసా మీద కుదరదు. భార్యో భర్తో హెచ్-4 ఈఏడీ మీద పనిచేస్తుంటే అదీ మీ హెచ్-1బి మీదే ఆధారపడి ఉంటుంది. అంటే మీరొక్కరు మానేస్తే రెండు జీతాలకూ గండమే.

ఐ-140 అప్రూవై 180 రోజులు దాటితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ తర్వాత పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ మామూలుగా పోదు. వేరే రంగంలో కొత్త కంపెనీ మళ్లీ పెర్మ్, ఐ-140 చేస్తే పాత తేదీయే వాడుకోవచ్చు. అయితే అంత చేసే కంపెనీ దొరకాలి కదా!

నాది ఇంకో రకం. 2020 అక్టోబర్‌లో తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు మనవాళ్లు చాలామంది ఈబీ-2 నుంచి ఈబీ-3కి మారి ఐ-485 వేశారు. నేనూ వేశాను. నాది 2014 తేదీ, కార్డు ఇంకా రాలేదు. 2000 నాటి ఏసీ21 చట్టం ప్రకారం ఐ-485 పెండింగ్‌లో 180 రోజులు దాటితే ఉద్యోగం మారవచ్చు, కానీ కొత్తది "అదే లేదా అలాంటి" వృత్తి కావాలి. ప్రోగ్రామర్ నుంచి డేటా అనలిస్ట్ అంటే వాదించవచ్చేమో. లెక్కల టీచర్ అంటే కష్టం. ఈఏడీ ఉంది కాబట్టి సాయంత్రాలు ఇంకో పని చేసుకోవచ్చు. గ్రీన్‌కార్డు అడిగిన ఉద్యోగం మాత్రం వదలకూడదు. ఇది నాకు తెలిసినంతలో చెబుతున్నాను, మీ ఫైల్ మీ లాయర్‌కి చూపించండి.

డబ్బు సంగతికొస్తే జీతం తగ్గడం కన్నా హెల్త్ ఇన్సూరెన్సే పెద్ద దెబ్బ. కోబ్రా కింద పాత ప్లాన్ మామూలుగా 18 నెలలు ఉంచుకోవచ్చు, కానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. మా ఆవిడ ఆఫీసు ప్లాన్‌లో నలుగురం చేరితే ఎంతవుతుందో ముందే కనుక్కున్నాం. పెద్దమ్మాయి పదో తరగతి. కాలేజీ ఫీజుల మాట వచ్చేసరికి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఇక్కడి ఐటీ వదిలి హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదివి, 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీసిన శేఖర్ కమ్ముల గురించి అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆయన అప్పటికి కుర్రాడు, నాకు నలభై నాలుగు.

న్యూజెర్సీలో బీఈడీ లేకుండా టీచరయ్యే 'ఆల్టర్నేట్ రూట్' 1980ల నుంచే ఉంది. డిగ్రీ, సబ్జెక్టులో తగినన్ని క్రెడిట్లు, ప్రాక్సిస్ పరీక్ష ఉంటే 'సర్టిఫికేట్ ఆఫ్ ఎలిజిబిలిటీ' వస్తుంది. ఉద్యోగం దొరికాక పాఠాలు చెబుతూనే శిక్షణ పూర్తి చేయాలి. మన ఇంజినీరింగ్ మార్కుల పత్రాలు ఇక్కడ ఇవాల్యుయేషన్‌కి ఇవ్వాలి. నావి ఇచ్చాను. పరీక్ష ఈ ఏడాదే రాస్తాను. రాజీనామా మాత్రం కార్డు చేతికొచ్చాకే. అప్పటిదాకా రాత్రి పూట పేజర్ మోగితే లేవడం తప్పదు.