మానసిక ఆరోగ్య మానవశాస్త్రం: ఉన్నత విద్యకు ఉపకారవేతనాలు

2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ఆశ్రయగృహం దగ్ధమైంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. దర్గాలో స్వస్థత చేకూరుతుందన్న నమ్మకంతో కుటుంబాలు రోగులను ఆ ఊరికి తీసుకువచ్చేవి. అటువంటి నమ్మకం ఎలా ఏర్పడుతుంది, వైద్యంతో దానికి పొత్తు ఎలా కుదురుతుంది అన్నవి మానసిక ఆరోగ్య మానవశాస్త్రం పరిశీలించే ప్రశ్నలు. రోగి బాధను అతని మాతృభాషలోనే వినగలవారు ఈ శాస్త్రానికి అవసరం. తెలుగు, తమిళం రెండూ తెలిసిన మన పిల్లలకు ఇది తగిన చదువు.

మానవశాస్త్రంలో స్నాతకోత్తర విద్య మద్రాసు, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు విశ్వవిద్యాలయాలలో ఉన్నది. కుటుంబ వార్షికాదాయం రూ. 2.5 లక్షలు మించని షెడ్యూల్డు కులాల విద్యార్థులు పోస్టు మెట్రిక్ ఉపకారవేతనానికి అర్హులు. చదువు ఎక్కడ సాగినా, దీనిని మంజూరు చేసేది విద్యార్థి స్థిరనివాసం గల రాష్ట్రమే.

తదుపరి పరిశోధనకు, యూజీసీ నెట్ పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ పొందినవారికి తొలి రెండేళ్లు నెలకు రూ. 37,000 లభిస్తుంది. విదేశాలలో చదువదలచినవారు ఒకటి గమనించాలి: కేంద్రప్రభుత్వ జాతీయ విదేశీ విద్యా ఉపకారవేతనం నుండి భారత సమాజంపై జరిపే అధ్యయనాలను 2022లో మినహాయించారు.

తొప్పూరులో నివసిస్తున్నా ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణలో స్థిరనివాసం గలవారు పోస్టు మెట్రిక్ దరఖాస్తును ఆ రాష్ట్రానికే సమర్పించాలి. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలను ముందుగానే సిద్ధం చేసుకోగలరు. వేరొక రాష్ట్రానికి పంపిన దరఖాస్తు వలన ఒక విద్యాసంవత్సరమే చేజారిపోవచ్చు.